ఎడమ ముందు చక్రంలో ముందే పడ్డ ఆమెన్

మార్కాపురంలో మా షెడ్డు తలుపుకు ఒక పలక వేలాడేది. అంచు విరిగిన పలక. దాని మీద సుద్దముక్కతో "పని జరుగుచున్నది. దయచేసి ఆమెన్ మెల్లగా అనవలెను" అని రాసి ఉండేది. కొత్తగా వచ్చినవాళ్లు అది చదివి, జాకీ మీదున్న జీపును చూసి, మళ్లీ పలకను చూసేవారు. ఇది బండ్లు బాగుచేసే చోటా, ప్రార్థన చేసుకునే చోటా అని అడిగేవారు. రెండూ అనేదాన్ని.

ఆ పలక కథ రాసిపెట్టమని మా చర్చి సంఘంలోని ఆడపిల్లలు అడిగారు. వాళ్లలో ఇద్దరు ఐటీఐలో మెకానిక్ చదువుతున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు సంతోషం. పిల్లలూ, మీ కాలం బండ్లకు ముందు చక్రం బేరింగు ఒకే ముద్దగా వస్తుందట. పాతది తీసి కొత్తది పెట్టి, చెప్పిన మేరకు బోల్టులు బిగిస్తే పని అయిపోతుందట. మాకు అట్లా కాదు. మా పనిలో తప్పు చేయడానికి చాలా చోటుండేది. ఆ చోటును నేను ఒకసారి నిండుగా వాడుకున్నాను.

నేను బడికి పోలేదు. అమ్మ పలకల ఫ్యాక్టరీలో పనిచేసేది. పనికిరానివని పక్కన పడేసిన పలకముక్కలు అడిగి కొంగులో కట్టుకొచ్చి, పొయ్యి దగ్గర కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది. పానా పట్టడం నాయన నేర్పాడు. రెండు చదువులూ ఇంటి కప్పు కిందే అయిపోయాయి. ఇద్దరు పంతుళ్లూ నా కంచంలోనే అన్నం తిన్నారు. అంతకంటే ఏం కావాలి, స్తోత్రం.

ముందుగా చక్రం సంగతి కొంచెం చెప్పాలి. లేకపోతే మీకు తర్వాతది అందదు. నాలుగు చక్రాలూ లాగే పాత జీపులో ముందు చక్రం రెండు బేరింగుల మీద తిరుగుతుంది. లోపల ఒకటి, బయట ఒకటి. రెండింటినీ పట్టి ఉంచేది ఒక పెద్ద నట్టు. అది వదులైతే చక్రం తాగినవాడిలా ఊగుతుంది. మరీ బిగిస్తే బేరింగు వేడెక్కి మాడిపోతుంది. అందుకని ఒక చేత్తో చక్రం తిప్పుతూ, రెండో చేత్తో నట్టు బిగిస్తూ పోవాలి. చక్రం పట్టేసినట్టు అనిపించాక, నట్టును ఒక్క పక్క మేర వెనక్కి వదలాలి. నట్టుకు ఆరు పక్కలుంటాయి, అందులో ఒకటి. ఆపైన ఒక పల్చటి రేకు వాషరు, దాని మీద రెండో నట్టు. చివరికి ఆ రేకు అంచును ఉలితో వంచి నట్టు మీదికి మడిచేయాలి. మడిచాక ఇక ఏదీ కదలదు. అంతే పని. వెనక్కి వదిలే ఆ ఒక్క పక్క మీదే మా ఇల్లు గడిచేది.

నాయనకు చేతి గడియారం లేదు, కొలిచే పానా లేదు. ఆయన కొలత ప్రార్థన. అన్నం ముందు చేసుకునే ఇంటి ప్రార్థననే ఒక ముక్క మార్చి చక్రానికి వాడేవాడు. "తండ్రీ, పని ఇచ్చినావు, స్తోత్రం. చేతులిచ్చినావు, స్తోత్రం. ఈ బండి ఎక్కేవాళ్లను కాపాడు. మా తప్పులు క్షమించు, మేమూ పట్టిన పట్టు వదుల్తాము. ఆమెన్." మొదటి స్తోత్రం నుంచి 'కాపాడు' దాకా తిప్పుతూ బిగించడం. 'క్షమించు' దగ్గర ఒక్క పక్క వదలడం. 'ఆమెన్' అనగానే తాళం, అంటే రెండో నట్టు ఎక్కించి రేకు మడవడం.

"దేవుణ్ణి తీసుకపోయి చక్రానికి కడ్తావా?" అని అమ్మ కోప్పడేది.

"చక్రాన్నే తీసుకపోయి ఆయనకు కట్టినా. ఊడకుండా ఉండాది గదా," అనేవాడు నాయన.

తాళం వేసేది మామ. మామంటే సొంత మామ కాదు. పొదిలి పక్క రైతు కుటుంబం మనిషి. వేసిన ప్రతి బోరూ ఎండిపోతుంటే విసుగొచ్చి, నాయన దగ్గర సుత్తి పట్టి, ముప్పై ఏళ్లు వదల్లేదు. నన్ను కోడలా అని పిలిచి ఏడిపించడం ఆయన హక్కు. శనివారం గుడికి పోకుండా టీ కూడా ముట్టడు, చర్చి గడప ఎన్నడూ తొక్కలేదు. అయినా మా ప్రార్థన ఆయనకు కంఠతా వచ్చు. వచ్చినా వినపడదు. ఏళ్ల తరబడి ఇనుము కొట్టి కొట్టి చెవులు మందగించాయి. ఎదురుగా గట్టిగా మాట్లాడితే అందుకుంటాడు గాని, ప్రార్థనలో మనం గట్టిగా పలికే 'ఆమెన్' ఒక్కటే ఆయన చెవిదాకా చేరేది. అందుకే వాషరు, రెండో నట్టు, ఉలి, సుత్తి వరసగా పెట్టుకుని, గొంతుక్కూర్చుని, ఆ మాట కోసం కాచుకునేవాడు. ఆ మాట పడిందా, సుత్తి ఆగదు.

ఇక ఆ రోజుల సంగతి. నాయనకు రెండు కళ్లలో శుక్లాలు ముదిరి, కర్నూలులో ఆపరేషన్‌కు రమ్మన్నారు. పోతూ పోతూ నా చేయి పట్టుకుని, "మూడు జీపులు నీ చేతిలో పెట్టి పోతాండా. నేనొచ్చేలోగా మూడూ మూడే ఉండాల," అన్నాడు. అడవిలో తిరిగే ఒక ఆఫీసు జీపులవి. షెడ్డుకు మిగతా పనులు వస్తే వచ్చేవి, లేకుంటే లేదు. ఆ మూడింటితోనే మా పొయ్యి, మామ పొయ్యి వెలిగేవి.

నాయన బస్సెక్కిన రెండో రోజే ఆ ఆఫీసుకు కొత్త ఆఫీసరు వచ్చాడు. కోస్తా మనిషి, ఇస్త్రీ చొక్కా, మర్యాద మాట. ముందు చక్రాలు రెండూ గుర్రుమంటున్న జీపును తెచ్చి మా షెడ్డు ముందు ఆపించాడు.

"మెకానిక్ గారు లేరా?" అన్నాడు.

"ఆపరేషన్‌కు పోయినాడు సార్. నేను చేస్తాను."

ఆయన నా భుజం మీదుగా షెడ్డులోకి తొంగిచూశాడు. "మీరు సరేనమ్మా. మీ వెనక ఎవరున్నారు?"

"దేవుడున్నాడు సార్," అన్నాను. నాకు నిజంగా తోచిన మాటే.

"నేనూ ఉండాను సార్," అని అప్పటికే జీపు కిందికి దూరిన మామ తల బయటపెట్టాడు.

ఆఫీసరుకు ఈ ఇద్దరి మీదా నమ్మకం కుదరలేదని ముఖం చూస్తే తెలుస్తోంది. "చూడండమ్మా, ఉన్నమాట చెబుతాను. రేపు యర్రగొండపాలెం దాటి అడవి అంచు గూడేనికి వెళ్లి రావాలి. వాగుల్లో ఇసక ఉంటుంది, ముందు చక్రాలు లాగకపోతే కుదరదు. చక్రం మళ్లీ పేచీ పెట్టిందంటే మూడు జీపులూ గిద్దలూరు షెడ్డుకు పంపించేస్తాను. అక్కడ మగవాళ్లు నలుగురున్నారట. మీరిద్దరూ కూడా బండిలో రండి. మీరు చేసిన చక్రం మీద మీరూ కూర్చోవాలి కదా."

"అట్లనే సార్," అన్నాను. గిద్దలూరు అన్న మాట మామకు వినపడింది. కొన్ని మాటలు చెవిటివాళ్లకూ వినపడతాయి.

మధ్యాహ్నం పని మొదలుపెట్టాం. పాత బేరింగులు తీస్తే లోపల తిరిగే ఇనుప రోలర్లు పురుగు తొలిచిన కందిగింజల్లా ఉన్నాయి. చక్రం నడిమి దిమ్మ, అదే హబ్బు, దాని లోపలి కప్పులు మెల్లగా కొట్టి తీసి, కొత్తవి కూర్చోబెట్టాను. అరచేతిలో గ్రీజు పెట్టుకుని, బేరింగును దానికి ఒత్తి ఒత్తి, ప్రతి రోలరు సందులోంచి అవతలికి గ్రీజు పొడుచుకొచ్చేదాకా నింపాను. కుడి చక్రం ఎక్కించాను. ప్రార్థన, క్షమించు, ఒక్క పక్క, ఆమెన్, సుత్తి. చక్రం చేత్తో తోస్తే తేలిగ్గా తిరిగి తిరిగి ఆగింది. పట్టి ఊపితే ఊగలేదు. నాయన లేకుండా నేను కూర్చోబెట్టిన మొదటి చక్రం. స్తోత్రం చెప్పుకున్నాను. నిజం చెప్పాలంటే స్తోత్రంతోపాటు కొంచెం గర్వం కూడా వచ్చింది. రెండూ ఒకే నోట్లోంచి వస్తాయి కాబట్టి వెంటనే తేడా తెలియదు.

ఎడమ చక్రానికి వచ్చాం. తిప్పుతున్నాను, బిగిస్తున్నాను. "ఈ బండి ఎక్కేవాళ్లను కాపాడు" దాకా వచ్చాను. నట్టు నిండుగా బిగిసి, చక్రం పట్టేసి ఉంది. ఇక నా నోట్లోంచి 'క్షమించు' రావాలి.

షెడ్డులోకి అయ్యగారు వచ్చారు.

ఆయన మా సంఘానికి కొత్తగా వచ్చిన పాస్టరు. వెన్నలాంటి మనిషి. కాకపోతే ప్రార్థన మొదలుపెట్టారంటే ఊరిలో ఉన్నవాళ్లూ, ఊరొదిలి పోయినవాళ్లూ, చీరాలలో ఉన్న ఆయన మేనత్త మోకాళ్లూ, అన్నీ ఆయనకు గుర్తొస్తాయి. వాక్యం చివర చుక్క పెట్టినట్టు మధ్యమధ్య "ఆమెన్!" అనడం ఆయనకు అలవాటు. ఆ గొంతుకు మైకు దండగ.

"అమ్మా, మీ నాయన లేకుండా మొదటి పని చేస్తున్నావని విన్నాను. ఒక్క మాట ప్రార్థన చేసుకుందాం," అన్నారు.

"అయ్యగారూ, ఒక్క నిమిషం, ఈ నట్టు..." అనేలోపు ఆయన కళ్లు మూసుకున్నారు.

దైవజనుడు కళ్లు మూశాక నేను కళ్లు తెరుచుకుని నట్టు తిప్పుకోవడం అమ్మ నేర్పలేదు. పానా కింద పెట్టాను. గ్రీజు చేతులు జోడించాను. కళ్లు మూశాను.

ఆయన నాయన కళ్లతో మొదలుపెట్టారు. "కన్ను తెరిపించు తండ్రీ, ఆమెన్!" అన్నారు. తర్వాత నా చేతుల దగ్గరికి వచ్చారు. ఈ బిడ్డ చేతులు పెద్ద పెద్ద మెకానిక్కుల చేతుల కంటే నేర్పైనవని, ఈ పట్టణంలో ఇలాంటి చేతులు లేవని దేవుడికి వివరంగా చెప్పారు. అది ప్రార్థనా, పొగడ్తా అని నేను అప్పుడు ఆలోచించలేదు. చెవులకు హాయిగా ఉంది. ఎక్కడో టకటకమని సుత్తి చప్పుడు వినపడింది. పక్క దుకాణంలో తలుపులు బిగిస్తున్నారనుకున్నాను. అయ్యగారు ఊరంతటినీ చుట్టి, మేనత్త మోకాళ్లు దాటి, "మా అపరాధాలన్నీ క్షమించు" అని ముగించేసరికి జీపు పక్క నీడ అరగజం జరిగింది.

కళ్లు తెరిచి చూస్తే చక్రం మధ్యలో రెండో నట్టు ఎక్కి ఉంది. రేకు అంచు ముచ్చటగా మడిచి ఉంది. మామ సుత్తిని గుడ్డతో తుడుచుకుంటున్నాడు.

"మామా, అయిపోయిందా?" అన్నాను గట్టిగా.

"ఎప్పుడో అయిపోయింది కోడలా. నువ్వు కండ్లు మూసుకోని ఏం చేస్తాండావు?"

ఒక్క క్షణం నా లోపల ఏదో గుచ్చుకుంది. ఒక్క పక్క వదిలానా? గుర్తు చేసుకున్నాను. 'క్షమించు' అన్న మాట చెవిలో స్పష్టంగా ఉంది. అంటే వదిలే ఉంటాను. ఆ మాట విన్నానే తప్ప నేను అనలేదని తట్టలేదు. చక్రం తోసి చూశాను. ఒక చుట్టు తిరిగి ఆగిపోయింది.

"బరువుగా లేదూ?"

"కొత్త బేరింగు, కొత్త గ్రీజు. కొత్త పెండ్లికూతురు గూడ మొదటి దినం బిగుసుకోనే ఉంటాది," అన్నాడు మామ.

మడిచిన రేకు విప్పి చూస్తే తెలిసిపోయేది. కానీ రేకు విప్పితే మళ్లీ పనికిరాదు, అయ్యగారి ముందు నేర్పైన చేతులు చేసిన పని తప్పని ఒప్పుకున్నట్టు ఉంటుంది. విప్పలేదు. పిల్లలూ, మామ తప్పు ఇక్కడితో అయిపోయింది. నాది ఇక్కడ మొదలైంది.

మర్నాడు పొద్దున బయల్దేరాం. ముందు సీట్లో ఆఫీసరు, స్టీరింగు దగ్గర ఈ ప్రాంతం డ్రైవరు, వెనక నేనూ మామా. రోడ్డు మీదికి రాగానే అయ్యగారు చేయెత్తారు. యర్రగొండపాలెంలో ప్రార్థన కూటమట. ఆఫీసరు మర్యాద మనిషి కాబట్టి ఎక్కించుకున్నాడు. అయ్యగారి చేతిలో మూడు గిన్నెల క్యారియరు.

సగం దూరం హాయిగా సాగింది. గుర్రుమనే చప్పుడు లేదు. ఆఫీసరు వెనక్కి తిరిగి, "పరవాలేదమ్మా, బాగానే ఉంది," అన్నాడు కూడా. నేను కర్నూలు దిక్కుగా ఒక స్తోత్రం పంపాను.

అప్పుడు వాసన మొదలైంది.

"ఏంది, ఏదో మాడిన వాసన?" అన్నాడు డ్రైవరు. "అయ్యగారూ, మీ క్యారియరులో ఏముండాది?"

"ఎండుచేపల వేపుడు నాయనా. మా ఇంటామె కొంచెం ఎర్రగా వేపింది."

"కొంచెమా! అడవిలో ఎలుగులు గూడ లేచి కూర్చుంటాయి."

అందరూ నవ్వారు. అయ్యగారు నొచ్చుకోకుండా క్యారియరు మూత మీద తువ్వాలు కప్పారు. వాసన తగ్గలేదు. డ్రైవరు తలుపు తెరిచి పట్టుకుని నడిపాడు. మామ బీడీ వెలిగించాడేమోనని ఆఫీసరు అనుమానించాడు. "శనివారం సార్, నేను తాగను," అన్నాడు మామ. నేను మాత్రం నవ్వు ఆపేశాను. చేప మాడితే కళ్లు మండవు, ఆకలేస్తుంది. ఇది ఆకలేసే వాసన కాదు.

"అన్నా, బండి ఆపు," అన్నాను.

"చేపలకేనా అక్కా?"

"ఆపు!"

దిగి ఎడమ ముందు చక్రం దగ్గరికి పోయాను. హబ్బు అంచున గ్రీజు కరిగి నూనెలా కారుతోంది. చేయి పెట్టాను. పెట్టిన చేయి పెట్టినట్టే వెనక్కి వచ్చింది. ఈ అరచేతి మీద ఇప్పటికీ చిన్న మచ్చ ఉంది. చూస్తే గుర్తొచ్చేట్టు దేవుడు ఉంచాడు.

ఆఫీసరు దిగి వచ్చాడు. హబ్బు మీద సీసాలో నీళ్లు పోయబోతుంటే, "వద్దు సార్, పగుల్తాది!" అని ఆపాను. ఆయన సీసా దించి, నా ముఖం చూశాడు. "ఇది ఎవరు బిగించారు?"

"నేనే సార్," అన్నాడు మామ. నా కంటే ముందు అన్నాడు.

"కాదు సార్. నట్టు నా చేతిది. మామ రేకు మడిచినాడంతే. నట్టు వదలాల్సింది నేను. వదల్లేదు."

"ఎందుకు వదల్లేదు?"

చెప్పాలి కదా. చెప్పాను. ప్రార్థన కొలత, క్షమించు, ఒక్క పక్క, ఆమెన్. చెబుతున్నకొద్దీ ఆఫీసరు కళ్లు పెద్దవయ్యాయి. డ్రైవరు కళ్లు చిన్నవయ్యాయి, నవ్వు ఆపుకుంటున్నాడు. చివరికి వచ్చేసరికి ఒక్కరొక్కరే తిరిగి అయ్యగారి వైపు చూశారు.

అయ్యగారు క్యారియరు గుండెకు హత్తుకున్నారు. "నా ఆమెనా?"

"మీదే అయ్యగారూ," అన్నాడు మామ. "ఖంగుమని పడింది. కోడలు పానా కిందబెట్టింది, చేతులు జోడించింది, ఆమెన్ పడింది. నాకేం తెల్సు, నేను కొట్టినా."

"ఎన్నో ఆమెన్‌కు కొట్టావు?"

"మొదటిదానికే."

"తర్వాత ఏడెనిమిది అన్నాను కదయ్యా!"

"అవి నాకు మిగిలిపోయినాయి," అన్నాడు మామ.

డ్రైవరు ఇక ఆపుకోలేక జీపు వెనక్కి పోయాడు. ఆఫీసరు మాత్రం నవ్వలేదు. జేబులోంచి ఫోను తీశాడు. "గిద్దలూరుకు చేస్తాను. వాళ్ల మనిషిని పంపిస్తారు," అన్నాడు. ఫోను చెవి దగ్గర పెట్టాడు, ఎత్తి పట్టాడు, పక్కనున్న కల్వర్టు గోడ ఎక్కి పట్టాడు. సిగ్నలు లేదు. నేను లోపల స్తోత్రం అన్నాను. పైకి అనే ధైర్యం ఆ రోజు ఎవరికీ లేదు.

"సార్," అన్నాను, "చల్లారేదాకా టైమియ్యండి. విప్పి చూస్తాను. బేరింగు మాడి నీలం తిరిగి ఉంటే మీరు చెప్పినట్టే చేయండి, నేనే గిద్దలూరుకు మోసకపోయి ఇస్తాను. తిరక్కుంటే ఇంకొక్కసారి బిగించనీయండి."

ఆయన కల్వర్టు గోడ మీద కూర్చుని, వాచీ చూసుకుని, "సరే," అన్నాడు.

ఇనుము చల్లారడానికి మనం చేయగలిగేది ఏమీ లేదు. కూర్చున్నాం. అయ్యగారు క్యారియరు విప్పారు. నిందలు మోసిన ఎండుచేపలు, సజ్జరొట్టె. చేపలు ఎర్రగా, కరకరలాడుతూ, ఏమాత్రం మాడకుండా ఉన్నాయి. మామ రొట్టె ఒక్కటే తీసుకున్నాడు. అయ్యగారు అలవాటుగా కళ్లు మూయబోతే, "అయ్యగారూ, మనసులో!" అన్నాడు మామ. ఆయన మనసులోనే చేసుకున్నారు. చాలా చిన్న ప్రార్థన. ఆఫీసరు మొదట వద్దన్నాడు, తర్వాత ఒక చేప తీసుకున్నాడు, ఆ తర్వాత లెక్కపెట్టడం నాకు మర్యాద కాదు.

చల్లారాక జాకీ ఎత్తి విప్పాను. మడిచిన రేకును ఉలితో మెల్లగా విప్పాను. బయటి బేరింగు బయటికొచ్చింది. డ్రైవరు పట్టి తెచ్చిన డీజిల్‌లో కడిగి వెలుగుకు పెట్టాను. రోలర్లు గోధుమరంగు పట్టాయి, నీలం తిరగలేదు. లోపలిది తీశాను. అదీ అంతే. గోటితో గీకితే గరుకు లేదు. ఇంకొక ఊరు దాటి ఉంటే మిగిలేది కాదు. ఎండుచేపల వాసన అనుకుంటూ మేం అంతదూరం పోయేవాళ్లమే.

నాయన పెట్టె అడుగున, కాగితంలో చుట్టి, ఒక కొత్త రేకు వాషరు ఉంది. ప్రతి పనికీ ఒకటి ఎక్కువ పెట్టుకోవడం ఆయన పద్ధతి. తప్పు చేస్తామని ముందే తెలిసిన మనిషి. కొత్త గ్రీజు కూరి, హబ్బు ఎక్కించి, నట్టు పట్టాను. కాలిన చేయి చక్రం తిప్పనివ్వలేదు.

"సార్, మీరు తిప్పుతారా?" అన్నాను.

ఇస్త్రీ చొక్కా చేతులు మడుచుకుని ఆఫీసరు గొంతుక్కూర్చున్నాడు. "ఎంతసేపు తిప్పాలి?"

"ప్రార్థన అయ్యేదాకా సార్."

"ఎవరి ప్రార్థన?" అన్నాడు వెంటనే.

"నాదే. చిన్నదే."

మామ అయ్యగారి దగ్గరికి పోయి, రెండు చేతులూ జోడించి, "అయ్యగారూ, మీ కాళ్లు పట్టుకుంటా, నోరు తెరవొద్దు," అన్నాడు. అయ్యగారు తువ్వాలు తీసి తన నోటికి తనే అడ్డం పెట్టుకున్నారు.

మొదలుపెట్టాను. పని ఇచ్చినావు, స్తోత్రం. చేతులిచ్చినావు, స్తోత్రం. కాలిన చేయి కూడా చేయే. ఆఫీసరు తిప్పుతున్నాడు, నేను బిగిస్తున్నాను. ఈ బండి ఎక్కేవాళ్లను కాపాడు. చక్రం పట్టేసింది. "తిరగట్లేదండీ!" అన్నాడాయన గాభరాగా. మా తప్పులు క్షమించు. ఒక్క పక్క వదిలాను. చేతికింద చక్రం తేలికపడడం ఆయనకు తెలిసింది. నావైపు చూశాడు. ఏదో అర్థమైనట్టు ముఖం మారింది. మేమూ పట్టిన పట్టు వదుల్తాము.

"ఆమెన్," అన్నాను గట్టిగా.

సుత్తి పడలేదు. చూస్తే మామ ఉలి ఎత్తి పట్టుకుని కదలకుండా ఉన్నాడు.

"ఇది ఎవరి ఆమెన్ కోడలా?"

"నాదే మామా!"

"దేవుని తోడు?"

"దేవుని తోడు! ఇంక కొట్టు!"

అప్పుడు మడిచాడు. తువ్వాలు వెనక నుంచి అయ్యగారి భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. ఏడుస్తున్నారేమోనని కంగారుపడ్డాను. నవ్వుతున్నారు. ఆఫీసరు కల్వర్టు గోడకు ఆనుకుని, గ్రీజు అంటిన చేత్తో కళ్లు తుడుచుకుని, ముఖమంతా నల్లగా చేసుకున్నాడు.

అయ్యగారిని కూటం దగ్గర దింపి, గూడెం దాకా పోయాం. వాగు ఇసకలో ముందు చక్రాలు మారుమాట్లాడకుండా లాగాయి. ఆగిన ప్రతిచోటా ఆఫీసరు దిగి హబ్బు మీద అరచేయి పెట్టి చూశాడు. మొదటి రెండుసార్లు భయంగా, తర్వాత ముచ్చటగా. పొద్దువాలకముందే మార్కాపురం చేరాం. ఆయన చివరిసారి చేయి పెట్టి, "గోరువెచ్చ," అన్నాడు. తర్వాత జీపు లాగ్‌బుక్కు తెరిచి, దారిలో బండి ఎందుకు ఆగిందో రాసే చోట పెన్ను పెట్టి, మళ్లీ తీశాడు.

"ఇక్కడ ఉన్నదున్నట్టు రాస్తే నన్ను పిచ్చాసుపత్రికి పంపుతారమ్మా," అన్నాడు. 'పని నడుమ అంతరాయం' అని రాశాడు. "మిగతా రెండు జీపులు ఎల్లుండి పంపిస్తాను. ఒకటే షరతు. పని అయ్యేదాకా మీ అయ్యగారు గేటు బయటుండాలి."

దానికి అయ్యగారే ఒప్పుకోలేదు. గేటు బయట ఉంటే దేవుడికి దూరమేం కాదు గాని, టీకి దూరమవుతారట. అందుకే ఆయనే ఒక విరిగిన పలక అడిగి, సుద్దముక్కతో తన చేత్తో ఆ మాట రాసి తలుపుకు కట్టి పోయారు. చివర 'అనవలెను' అని గ్రాంథికంగా రాసింది ఆయనే.

నాయన కంటికి పచ్చ గుడ్డ కట్టుకుని కర్నూలు బస్సు దిగాడు. అన్నం పెట్టకముందే అంతా చెప్పేశాను. నేర్పైన చేతుల సంగతి కూడా దాచలేదు. ఆయన అంతా విన్నాడు. కాలిన నా అరచేయి తడిమి చూశాడు, చూపు ఇంకా సరిగా రాలేదు కాబట్టి వేళ్లతోనే చూశాడు.

"మూడూ ఉండాయా?" అన్నాడు.

"ఉండాయి నాయనా."

"అయితే పెట్టు అన్నం," అని, ప్రార్థనకు తల వంచాడు. 'క్షమించు' దగ్గరికి వచ్చి ఆగాడు. నేను తల ఎత్తి చూశాను. ఆయన నా వైపు కట్టుకన్ను తిప్పి, "ఈడ నువ్వను," అన్నాడు. అన్నాను.

నాయన పోయి చాలా ఏళ్లైంది. నేను పానా వదిలిపెట్టి మూడేళ్లు దాటింది. కానీ అన్నం ముందు 'క్షమించు' అనగానే నా కుడి చేయి బల్ల కింద దానంతట అదే వెనక్కి తిరుగుతుంది. ఒక్క పక్క మేర. నా మనవరాలు చూసి నవ్వుతుంది. ఆదివారాలు మామ మా ఇంటికి భోజనానికి వస్తాడు. ఇప్పుడు చెవులు పూర్తిగా పోయాయి. ప్రార్థన మొదలు కాగానే గరిటె చేతిలో పట్టుకుని, నా పెదాల వంకే చూస్తూ కాచుకుంటాడు.

నేను ఆమెన్ అంటాను. ఆయన నన్ను ఒకసారి అనుమానంగా చూస్తాడు. నాదే మామా అని తల ఊపుతాను. అప్పుడు కంచం అంచు మీద గరిటెతో ఒక్కటి కొడతాడు.